ఎమెట్ అడిగిన ఫోన్

సభలో మాట్లాడేవాళ్లు పేర్లు రాసే కాగితం మీద రెండు గళ్లున్నాయి, కొత్త చట్టం కావాలనేవాళ్లకి ఒకటి, వద్దనేవాళ్లకి ఒకటి. నేను పేరు మాత్రం రాసి ఊరుకుంటే టౌన్ హాలు గుమాస్తా బ్లాంచ్ కళ్లజోడు పైనుంచి చూసి, "ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టమ్మా క్రిస్టా, లేకపోతే నిన్ను ఎటు లెక్కెయ్యాలో తెలీదు నాకు" అంది. ఎటూ వెయ్యకులే అన్నాను. పదకొండో పేరు నాది. మనిషికి మూడు నిమిషాలు. మధ్యలో ఛైర్మన్ దగ్గు, మైకు గోల, వెర్లిన్ వాగుడు కలుపుకుంటే నా వంతు వచ్చేసరికి గంటవుతుంది. ఆ గంటా ఈ మడత కుర్చీలో కూర్చోవాలి, మూడు వరసల ముందు రోండా తలని చూస్తూ. పాపిట దగ్గర రెండు వేళ్ల వెడల్పున తెల్లబడిపోయింది. జనవరి నుంచి రంగు వేసుకోలేదన్నమాట. వేసుకోవడమేమిటి నా మొహం, వేసేదాన్ని నేనే కదా, ఆరువారాలకోసారి, మా వంటింట్లో, మెడచుట్టూ పాత తువ్వాలు కట్టి. ఆ తువ్వాలు ఇంకా ఉతకలేదు. పారెయ్యడానికీ చేతులు రాలేదు, అలా పడి ఉంది.

పక్కన డారెల్ కుర్చీ కిర్రుమనిపిస్తూ కాళ్లు కదుపుతున్నాడు. మంచి మొగుడే, ఇరవై రెండేళ్లలో నా మీద చెయ్యెత్తింది లేదు, గొంతెత్తింది తక్కువ. కారులో వస్తూ మాత్రం మూడుసార్లు చెప్పాడు, "చట్టం కావాలను. బాధగా ఉందను. ఏడుపొస్తే ఏడు. అంతే, వచ్చి కూర్చో. లాయరేమన్నాడు? ఒక్క మాట ఎక్కువైనా దావా పడి ఇల్లు పోతుందన్నాడు." ఇల్లు. సరస్సు ఒడ్డున ఇల్లు, కింద నేలమాళిగ, అందులో పాత సోఫా, టీవీ, గోడకి డారెల్ పట్టిన చేప. ఆ ఇల్లు ఉంటే ఎంత, పోతే ఎంత అని నేననుకుంటాను, కానీ వెనక వరసలో గ్రిఫిన్ కూర్చున్నాడు, మా అబ్బాయి, పదిహేడేళ్లవాడు, టోపీ ముక్కుదాకా లాక్కుని. వాడిది కూడా ఆ ఇల్లు. రోండా కొడుకు ఎమెట్ పోయాక గ్రిఫిన్ కింద గదిలోకి దిగలేదు. కుస్తీ పోటీలకీ వెళ్లలేదు. నాకు తెలిసినదంతా వాడికి తెలియదు. అది తెలిసిన రోజు నన్నెలా చూస్తాడో ఊహించుకోవడం మొదలుపెడతాను, మధ్యలోనే ఆపేస్తాను.

మొదటి పేరు పిలిచారు. చర్చి ఆడవాళ్లలో ఎవరో కాగితం చూసి చదువుతోంది. వినాలనే ఉంది కానీ కిటికీలోంచి సరస్సు కనిపిస్తోంది. ఏప్రిల్ కదా, మంచు నల్లబడి, ఒడ్డుకీ దానికీ మధ్య మూరెడు నీళ్లు. ప్రతి ఏడూ ఒక పాత కారుని ఇంజిను తీసేసి మంచు మీద పెట్టి, అది ఏ రోజు ఏ గంటకి మునుగుతుందో అని ఊరంతా పందేలు కాసేవాళ్లం. రోండా ఒకసారి గెలిచింది కూడా. గెలిచిన డబ్బుతో మమ్మల్నందర్నీ శుక్రవారం చేపల వేపుడుకి తీసుకెళ్లింది, వెర్లిన్ సారా కొట్టుకే. ఈ ఏడు మంచు మీద కారు పెడదామని ఎవరూ అనలేదు. ఆ మంచు మీదే కదా ఎమెట్ దొరికాడు, ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ మధ్య, వాళ్లింటి దీపం కనిపించేచోట. దారి తప్పలేదు. తాగినవాడికి కూడా దారి తప్పడానికి లేదక్కడ, పండగ అయ్యాక అందరూ పారేసిన క్రిస్మస్ చెట్లని మంచులో గుచ్చి దారి గుర్తు పెడతాం కదా, ఆ చెట్ల వెంటే నడిచాడు. సగం దాటాడు. చలికి చచ్చేముందు ఒళ్లంతా వేడిగా అనిపిస్తుందట, డాక్టరు చెప్పాడు. కోటు విప్పేశాడు. ఆ రాత్రి సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కింద.

"నాకు పన్నెండేళ్లప్పుడు మా నాన్న ఇదే ఊళ్లో, మా కొట్లోనే, పక్కన కూర్చోబెట్టుకుని బీరు పోయించాడయ్యా. చట్టప్రకారమే! ఈ రాష్ట్రంలో తల్లో తండ్రో పక్కనుంటే పిల్లాడు తాగచ్చు. విస్కాన్సిన్ అంటే విస్కాన్సినే. ఏమైంది నాకు, చెప్పండి?" వెర్లిన్ అది. వెనకనుంచి ఎవరో "అదేగా చూస్తున్నాం" అన్నారు. హాలంతా నవ్వింది, తర్వాత రోండా ఉందని గుర్తొచ్చి ఆగిపోయింది. నవ్వు అలా మధ్యలో తెగిపోతే ఎంత అసహ్యంగా ఉంటుందో. పాపం వెర్లిన్ చెడ్డవాడు కాడు. అతనన్నదే నేనూ అనేదాన్ని, ఇంకా గట్టిగా. మా నాన్న కూడా పోయించాడు నాకు, చేపల వేపుడు పళ్లెం పక్కన చిన్న గ్లాసుతో, నురగ మీసం తుడిచి నవ్వాడు. పక్క ఊళ్లో ఇలాంటి చట్టం తెచ్చినప్పుడు నేనూ రోండా బస్సు షెడ్డు దగ్గర కాఫీ తాగుతూ దెబ్బలాడుకున్నాం. "మన ఎదురుగా తాగితే తప్పేంటే, కనపడకుండా కంకర గోతుల్లో తాగడం కన్నా?" అన్నాను. "తప్పే" అంది. అంతే అంది. మొగుడు తాగి తాగి రక్తం కక్కుకుని పోయినదానికి ఒక్క మాట చాలు. నేనే ఇంకో పది మాటలన్నాను. నాకు నోరెక్కువ, అందరికీ తెలుసు, అవసరమైనప్పుడు మాత్రం పెగలదు.

బస్సు. పదహారేళ్లు నడిపాను స్కూలు బస్సు, ఒక్క గీత పడకుండా. కౌంటీ రోడ్డు మలుపులో రెండు తెల్ల శిలువలుంటాయి, తాగి కారు నడిపి చెట్టుకి గుద్దుకున్న పిల్లలవి, ఆ ఇద్దర్నీ నేనే చిన్నప్పుడు స్కూల్లో దింపాను. రోజుకి రెండుసార్లు ఆ శిలువల పక్కనుంచి పోయేదాన్ని. అందుకని నా బుర్రలో ప్రమాదమంటే చక్రాలు. చక్రాలుంటే చాలు, పిల్లలు చస్తారు. చక్రాలు తీసేస్తే బతుకుతారు. అదీ నా తెలివి. కుస్తీ జట్టు పిల్లలు ఎలాగూ తాగుతారు, తాగేదేదో నా ఇంట్లో తాగనీ, వచ్చినవాళ్ల దగ్గర కారు తాళాలు తీసుకుంటా, పొద్దున్నే పాన్‌కేకులు వేసి పంపిస్తా. ఎంత గొప్పగా చెప్పుకునేదాన్నో! "క్రిస్టా ఇంట్లోనా? అయితే ఫర్లేదు" అనేవాళ్లు తల్లులు. ఇవాళ ఆ తల్లుల్లో నలుగురు ఇక్కడే ఉన్నారు, చట్టం కావాలనే గడిలో టిక్కు పెట్టి. పెట్టనీ. వాళ్లని అనడానికి నాకు మొహమెక్కడుంది?

బీరు నేను కొనలేదు. ఆ ఒక్క ముక్క మీదే నేనివాళ జైల్లో కాక ఇక్కడ కోటు వేసుకుని కూర్చోగలుగుతున్నాను. ఎవడో పిల్లాడి అన్న కొన్నాడు, వాడి మీద కేసు పెట్టారు. కొనిచ్చినవాడిదే తప్పు, తాగనిచ్చినదానిది కాదు, అప్పటికున్న చట్టం అంతే. షెరీఫు మనిషి నోటుపుస్తకం మూసేస్తూ "మీ మీద పెట్టడానికి మా దగ్గర ఏమీ లేదమ్మా" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. ఆ ఖాళీ పూడ్చడానికే ఈ చట్టం. ఇంట్లో పిల్లలు తాగుతున్నారని తెలిసీ ఊరుకున్న పెద్దవాళ్లది నేరం, కొన్నారా లేదా అని అడగరు. ఎమెట్ చట్టం అంటున్నారు అప్పుడే. వాడి పేరు చట్టానికి పెట్టడం వాడికి నచ్చదు. క్లాసులో పేరు పిలిస్తేనే చెవులెర్రబడేవి వాడికి.

ఒకటో తరగతి మొదటి రోజు నా బస్సెక్కాడు, చేతిలో పసుపుపచ్చ టిఫిను డబ్బా, సగం దూరం వచ్చాక ఏడుపు. "ఇంటికెళ్తా మిస్ క్రిస్టా, ఇంటికెళ్తా." నా వెనక సీట్లో కూర్చోబెట్టి, అద్దంలో నన్నే చూస్తూ ఉండు, నేనూ నిన్నే చూస్తుంటా అన్నాను. ఆరో తరగతి దాకా అదే సీటు. తర్వాత గ్రిఫిన్‌తో వెనక్కి పోయాడు, పెద్ద మగాడైపోయి. అయినా దిగేటప్పుడు "థాంక్యూ మిస్ క్రిస్టా" అనకుండా దిగింది లేదు. బ్యాండులో ట్రాంబోన్ వాయించేవాడు, చాలా ఘోరంగా. కుస్తీ జట్టులో లేడు. అసలు ఆ రాత్రి జట్టు పార్టీకి వాడు రావలసినవాడే కాదు. గ్రిఫిన్ పిలిచాడు, చిన్నప్పటి స్నేహం కదా, ఆ పిలుపు వాడికి పండగ. రోండాకేమో పీజా, వీడియో గేములు అని చెప్పారు. నేనూ కాదనలేదు. "నీ దగ్గరేగా, ఆలస్యమైతే అక్కడే పడుకోమను" అంది ఫోన్లో, ఫ్యాక్టరీకి వెళ్తూ. జున్ను ప్యాకింగులో రెండో షిఫ్టు దానిది. సరే అన్నాను. అబద్ధం చెప్పలేదు చూడండి, సరే అన్నానంతే. నేను చెప్పిన అబద్ధాలన్నీ అలాంటివే, ఒక్కటీ పట్టుకోవడానికి దొరకదు.

ఆరో మనిషి మాట్లాడుతున్నాడా, ఏడో మనిషా? ఛైర్మన్ గడియారం గంట కొట్టింది. డారెల్ నా మోకాలి మీద చెయ్యి వేశాడు, చెయ్యి తడిగా ఉంది. ఆ రాత్రి డారెల్ లేడు, ఉత్తరాన స్నేహితులతో మంచు మీద వేసిన గుడిసెలో చేపలు పడుతున్నాడు. ఉంటే ఏమయ్యేది? డారెల్ తాగడు, డాక్టరు మానెయ్యమన్నాడు. లేచి, గొణుక్కుంటూ, ప్యాంటు తొడుక్కుని, కుర్రాణ్ణి ట్రక్కెక్కించి సరస్సు చుట్టూ తిప్పి దింపి వచ్చేవాడు. పదకొండు నిమిషాల దారి. నేను మూడు బ్రాందీ గ్లాసులు పట్టించి ఉన్నాను, టీవీ చూస్తూ, కింద పిల్లలు నవ్వుతుంటే విని మురిసిపోతూ. తాళాలు బిస్కెట్ల డబ్బాలో పోసి మంచం కింద పెట్టుకుని పడుకున్నాను. ఎంత జాగ్రత్తపరురాలిని!

ఎమెట్ నా గది తలుపు మీద వేలితో కొట్టాడు. పిడికిలితో కాదు, వేలితో. గడపకి అవతలే నిలబడ్డాడు. మొహం తెల్లగా ఉంది, చొక్కా ముందుభాగం తడిసి ఉంది, కక్కుకుని కడుక్కున్నట్టున్నాడు. "సారీ మిస్ క్రిస్టా, లేపాను. నాకు ఒంట్లో బాలేదు. ఇంటికెళ్లాలనుంది." తాళాలడుగుతున్నాడనుకుని, "అస్సలు కుదరదు, రూలంటే రూలే" అన్నాను. "తాళాలు కాదండీ. నేను నడపను. నా ఫోన్ చచ్చిపోయింది, వాళ్లంతా పడుకున్నారు. మీ ఫోన్ ఇస్తే మా అమ్మకి చేస్తాను. తిట్టదు. మాటిచ్చింది. వచ్చి తీసుకెళ్తుంది." ఇవీ మాటలు. వంద రోజులుగా ఒక్క అక్షరం పోకుండా నా దగ్గరే ఉన్నాయి. మాటిచ్చింది అంటే ఏమిటో కూడా నాకు తెలుసు. స్కూల్లో ఏదో మీటింగు పెట్టి తల్లులకీ పిల్లలకీ ఒక కాగితం పంచారు, ఎక్కడున్నా, ఏ స్థితిలో ఉన్నా నాకు ఫోన్ చెయ్యి, ఒక్క ప్రశ్న అడగకుండా వచ్చి తీసుకెళ్తాను అని తల్లి సంతకం, చేస్తాను అని పిల్లాడి సంతకం. నేను నా కాగితం బస్సులోనే చెత్తబుట్టలో పడేశాను. రోండా తనది ఫ్రిజ్ మీద అంటించింది. "ఒసేయ్, సంతకాలు పెడితే పిల్లలు మాట వింటారా?" అని దాన్ని ఎంత ఏడిపించానో. అదీ నవ్వింది, "వినకపోయినా నాకు ఫోన్ చేస్తే చాలే" అంది.

ఫోన్ మంచం పక్క బల్ల మీదే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. నేనేం ఆలోచించానో చెప్పనా? పిల్లాడి ఒంట్లో బాలేదని కాదు. రోండా వస్తే కిందకి దిగుతుంది, సీసాలు చూస్తుంది, దాని కొడుకు నా ఇంట్లో తాగాడని చూస్తుంది, ఇక జన్మలో నాతో మాట్లాడదు, మాట్లాడకపోతే పోనీ, ఊరంతా చెప్తుంది, స్కూలు వాళ్లు బస్సు లాక్కుంటారు, గ్రిఫిన్‌ని జట్టులోంచి తీసేస్తారు. ఇవన్నీ ఒక్క క్షణంలో వచ్చాయి, బ్రాందీ తాగినా బుర్ర ఎంత చురుగ్గా ఉందో చూడండి. "ఈ వేళప్పుడు అమ్మని లేపుతావా, షిఫ్టు చేసి అలిసిపోయి పడుకుని ఉంటుంది పాపం. వెళ్లి సోఫాలో పడుకో, బకెట్టు పక్కన పెట్టుకో. పొద్దున్నే నీకు బ్లూబెర్రీ పాన్‌కేకు వేస్తా" అన్నాను. మళ్లీ అడుగుతాడేమో అనుకున్నాను. వాడు మళ్లీ అడిగే పిల్లాడు కాడు. "సరేనండీ. థాంక్యూ మిస్ క్రిస్టా" అన్నాడు. తలుపు కూడా చప్పుడు కాకుండా వేశాడు. నేను అటు తిరిగి పడుకున్నాను. నిద్ర పట్టింది కూడా, బంగారంలాంటి నిద్ర, దిండు నా చెంప కింద వెచ్చగా, వాడు బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే.

"మీతో ఏమైనా మాట్లాడాడా అమ్మా, వెళ్లేముందు?" అని మర్నాడు పొద్దున్న షెరీఫు మనిషి అడిగాడు. పొయ్యి మీద పాన్‌కేకు మాడుతోంది. "లేదు, నేను నిద్రలో ఉన్నాను" అన్నాను. అంతే. రెండో ప్రశ్న అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. అడగలేదు, అతను కూడా నా బస్సులో పెరిగినవాడే.

అంత్యక్రియల రోజున రోండా నన్ను పట్టుకుంది. అందరిలోకీ నన్నే. అది నన్ను తిట్టలేదు, దాని సంగతి అదీ. "తాగనిచ్చావేమే" అని ఒక్కసారంది, తర్వాత ఇక ఆ మాట ఎత్తలేదు. నా భుజం మీద తల పెట్టి, నా కోటు తడిసిపోయేలా ఏడుస్తూ, "నాకెందుకు ఫోన్ చెయ్యలేదే వాడు? సంతకం పెట్టాడు కదే. నన్ను నమ్మలేదే. ఆ చలిలో నడిచి చావడానికైనా సిద్ధపడ్డాడు గానీ నాకు ఫోన్ చెయ్యలేదే. అంత రాక్షసినా నేను?" అంది. నేను దాని వీపు నిమిరాను. నిమురుతూ ఏమన్నానంటే, "మగపిల్లలు కదే, సిగ్గుపడతారు" అన్నాను. అన్నాను! నా నోటితోనే అన్నాను! నా నాలుక అక్కడే కోసి పారేయవలసింది. వాడు సిగ్గుపడలేదు. అడిగాడు. వాళ్లమ్మని పూర్తిగా నమ్మి, నా గడప అవతల నిలబడి, మర్యాదగా అడిగాడు. చచ్చిపోయిన కొడుకుని తల్లి దగ్గర్నుంచి ఇంకోసారి లాక్కున్నాను నేను. మొదటిసారి తెలియక. రెండోసారి అన్నీ తెలిసే.

ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో, వెళ్లి చెప్పేద్దామని. ఫిబ్రవరిలో ఓవెన్‌లో గిన్నెడు కేసరోలు వండి తీసుకెళ్లాను, దాని గుమ్మందాకా వెళ్లి, కిటికీలోంచి చూస్తే అది ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది. ఏమీ తియ్యడం లేదు. తలుపు మూసే ఉంది, దాని ముందు ఊరికే నిలబడి ఉంది. గిన్నె మెట్ల మీద పెట్టి వచ్చేశాను. మార్చిలో ఉద్యోగం మానేశాను, అందరూ నా మంచితనం అనుకున్నారు. చెప్తే దానికి శాంతి అని ఒకసారి, చెప్తే నాకే శాంతి, దానికి ఇంకో కత్తి అని ఒకసారి. ఈ ఊగిసలాట ఇలా ఎంతసేపైనా సాగుతుంది, నాలాంటి పిరికిదానికి దాంతోనే ఏళ్లు గడిచిపోతాయి.

"రోండా ఎగర్స్" అని పిలిచాడు ఛైర్మన్. పదో పేరు దానిదని నేను చూడలేదు. లేచింది. ఫ్యాక్టరీ యూనిఫాంలోనే వచ్చింది, షిఫ్టు మార్పించుకున్నట్టుంది. మైకు పొడుగెక్కువై వంచబోయాడు ఒకతను, వద్దంది. కాగితం లేదు చేతిలో. గొంతు పెద్దది చెయ్యకుండా మాట్లాడింది, ఎప్పుడూ అంతే అది. "చట్టం పెట్టండి. పెట్టకపోతే నాకు కోపమేం లేదు, కానీ పెట్టండి. నేను చెప్పొచ్చింది ఇంకోటి. తల్లులకి. మీరు కఠినంగా ఉండకండి. నేను ఉన్నాను. వాళ్ల నాన్న పోయాక ఇంట్లో ఆ వాసన తగలకూడదని వాణ్ణి భయపెట్టి పెంచాను. తర్వాత ఫోన్ చెయ్యి, ఏమీ అనను అని మాటిచ్చాను, కానీ ఆలస్యమైపోయింది. అప్పటికే వాడు నన్ను చూసి భయపడటం నేర్చుకున్నాడు. అందుకే చెయ్యలేదు. అది నా తప్పు. దానికి ఏ చట్టం లేదు. మీ పిల్లలు మీకు ఫోన్ చేసేలా ఉండండి. అంతే నాది." మూడు నిమిషాల్లో సగం కూడా వాడలేదు. వెళ్లి కూర్చుంది. హాల్లో సగంమంది ఏడుస్తున్నారు. వెర్లిన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆడవాళ్లు తలలూపుతున్నారు, అవును పాపం, అవును, అన్నట్టు. ఊరంతా నమ్మేసింది. ఇక రేపట్నుంచి ఇదే కథ. కఠినమైన తల్లి, భయపడ్డ పిల్లాడు. వాడి పేరుతో చట్టం ఉన్నన్నాళ్లూ ఈ అబద్ధం దాని పక్కనే ఉంటుంది, రోండా ముసలిదై చచ్చేదాకా దీన్నే నమ్మి చస్తుంది.

నా పేరు పిలిచారు. డారెల్ నా చెయ్యి నొక్కాడు, "అంతే, గుర్తుందిగా" అన్నాడు మెల్లిగా. లేచాను. వెనక్కి చూడకూడదనుకుని చూశాను, గ్రిఫిన్ టోపీ పైకెత్తాడు, నేనేదో మంచి మాట చెప్తాననుకుంటున్నాడు పిచ్చి వెధవ, వాడి కళ్లు చిన్నప్పటిలా ఉన్నాయి. మైకు దాకా ఎనిమిది అడుగులు. బోర్డు వైపు నిలబడి మాట్లాడాలని నియమం. నేను ఇటు తిరిగాను, రోండా వైపు. "అమ్మా, బోర్డుని ఉద్దేశించి..." అన్నాడు ఛైర్మన్. మైకు నా వైపు తిప్పుకున్నాను.

"రోండా, వాడు నీకు ఫోన్ చేస్తానన్నాడు" అన్నాను. "ఆ రాత్రి నా గదికొచ్చాడు. నేను నిద్రలో లేను. నీకు ఫోన్ చేస్తానని నా ఫోన్ అడిగాడు. నేనివ్వలేదు. నువ్వొస్తే సీసాలు చూస్తావని ఇవ్వలేదు. షెరీఫుకి అబద్ధం చెప్పాను. నీకూ చెప్పాను. వాడు నీకు భయపడలేదే. నాకు భయమేసింది, నాకు."

డారెల్ "క్రిస్టా" అన్నాడు. వెనక ఒక కుర్చీ పడింది, తలుపు ధడేల్మంది, గ్రిఫిన్ వెళ్లిపోయాడని చూడకుండానే తెలిసింది. ఎవరో "ఓరి దేవుడా" అన్నారు. షెరీఫు మనిషి గోడకి ఆనుకుని ఉన్నవాడు నిటారుగా నిలబడ్డాడు. ఇవన్నీ ఎక్కడో దూరంగా జరుగుతున్నాయి. రోండా లేచి నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను. అది నా మొహంలోకి చూడటం లేదు, నా నోటినే చూస్తోంది.

"ఏమన్నాడు? నీ మాటలు కాదు. వాడన్నట్టే చెప్పు."

చెప్పాను. సారీ మిస్ క్రిస్టా దగ్గర్నుంచి మొదలుపెట్టి, వాడన్నట్టే, ఒక్క అక్షరం కలపకుండా. తిట్టదు, మాటిచ్చింది, వచ్చి తీసుకెళ్తుంది అని చెప్తుంటే దాని పెదాలు నాతోపాటు కదిలాయి. ఛైర్మన్ గడియారం గంట మోగింది, ఆయన దాని మీద అరచెయ్యి పెట్టి నొక్కేశాడు.

"తీసుకెళ్తుంది అన్నాడా?"

"అన్నాడు."

"ఎన్నింటికి?"

"పావు తక్కువ ఒకటికి."

అది తలూపింది. రెండుసార్లు ఊపింది. చేత్తో ముందు కుర్చీ వీపు పట్టుకుంది.

"నేను మెలకువగానే ఉన్నాను" అంది. "అప్పుడే వచ్చాను. బూట్లు కూడా విప్పలేదు."